దవడ కింద నీరు దిగింది, నట్టల మందు పోసినా తగ్గలేదు

ప్రశ్న (గొర్ల కాపరి, నర్సంపేట దగ్గర)

అన్నలారా, నాకు 42 గొర్రెలున్నాయి. దసరా తర్వాత కుంటల వెంట మేపాను, సంక్రాంతి నుంచి చెరువు శిఖంలో నీళ్లు వెనక్కి పోయినచోట పచ్చగడ్డి మీదికి తోలుతున్నాను. ఎండలు ముదిరేసరికి ఆరు గొర్రెలకు దవడ కింద నీరు దిగింది. సాయంత్రం మంద ఇంటికొచ్చేటప్పటికి సంచిలా వేలాడుతుంది, పొద్దున సగం తగ్గుతుంది. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంటుంది. కింది రెప్ప తిప్పితే ఎరుపే లేదు, సున్నం రంగు. నట్టల మందు ఫెన్‌బెండజోల్ పోసి ఇరవై రోజులైంది. మొన్న ఒక చూడి గొర్రె చచ్చిపోయింది. రాత్రి నిద్ర పడతలేదు.

జవాబు (పశువైద్యం విద్యార్థిని, మామునూరు)

అన్నా, ఫెన్‌బెండజోల్ గుండ్రటి నట్టలకు పనిచేస్తుంది, కార్జపు జలగకు పనిచేయదు. చచ్చిన గొర్రె కార్జం కోసి చూశారా? పైత్యపు గొట్టాల్లో ఆకులా చదునైన జలగలుంటే అదే రోగం. కానీ కడుపులో రక్తం పీల్చే నట్టలున్నా ఇట్లాగే నీరు దిగుతుంది. అందుకే పెంటికలు డబ్బాలో పట్టుకెళ్లి, ‘జలగ గుడ్ల కోసం’ అని చెప్పి పరీక్ష చేయించండి. ఆ గుడ్లు బరువు, అడుక్కు దిగుతాయి, చూసే పద్ధతి వేరు. జలగ ఒంట్లోకి చేరాక గుడ్లు పెట్టడానికి మూడు నెలలు దాటుతుంది, అంతకుముందు పరీక్షలో ఏమీ దొరకదు. అదే చెరువుకు బర్రెలు వస్తాయా? పైకి బాగానే ఉండి పెండలో గుడ్లు వదులుతుంటాయి, వాటి పెండ కూడా చూపించండి.

జవాబు (పరకాల)

తమ్మీ, ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగలనే చంపుతది, ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలను కూడా. ఏది పోసినా డాక్టర్ చెప్పిన మోతాదే పొయ్యి. నేను క్లోసాంటెల్ అనే ఇంకో జలగ మందు అందాజగా ఎక్కువ పోసిన. రెండు మేకలకు చూపు పోయింది. కళ్లు తెరిచే ఉన్నా గోడకు తల కొట్టుకునేవి. అది నా తప్పే, ఇప్పటికీ యాదికొస్తది.
శిఖం వైపు మాత్రం తోలకు. నత్తల్లోంచి బయటికొచ్చిన జలగ పిల్లలు నీటి అంచు గడ్డికి అంటుకుంటాయి. బీడులో మేపు, బోరు నీళ్లు తొట్టిలో తాపు.

మళ్లీ ప్రశ్న అడిగిన కాపరి

గొర్రెను అప్పటికే పూడ్చిన అన్నా, కార్జం చూడలేదు. పెంటికల్లో జలగ గుడ్లు ఉన్నాయన్నారు. డాక్టర్ ఒక్కోదాన్ని కాటా మీద తూయించి మందు పోయించారు, చూడివాటిని విడిగా చూశారు. బర్రెల పెండ కూడా ఇచ్చొచ్చిన. బీడు మూడు కిలోమీటర్లు. పొద్దున ఆరింటికే తోలుతున్నా.