నంబరు లేని బయాఫ్రా నోటు: ఆల్బంలో పెట్టాలా వద్దా?

విశాఖ_నోట్లు:
పోయిన వారం ఒక డీలర్ దగ్గర బయాఫ్రా ఒక పౌండు నోట్లు రెండు తీసుకున్నా. తెలియనివాళ్లకి: నైజీరియా నుంచి 1967 మే 30న విడిపోయి, 1970 జనవరి 15న యుద్ధంలో ఓడి లొంగిపోయిన దేశం అది. మూడేళ్లు కూడా నిలవలేదు.

ఒక నోటు బాగా నలిగింది, నాలుగు మడతలు పడి, మధ్య మడత చిరగడానికి సిద్ధంగా ఉంది. తాటి జాతి (పామ్) చెట్టు, వెనక పొడుస్తున్న సూర్యుడు ఇంకా కనిపిస్తున్నాయి. రెండోది కొత్తగా పెళపెళలాడుతోంది, కానీ ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టాక చూస్తే దానికి సీరియల్ నంబరే లేదు. డీలర్ ఆ మాట చెప్పలేదు.

నేనైతే నంబరు లేనిది డబ్బు కాదంటాను. దాంతో ఎవరూ ఏమీ కొనలేదు. రెండిటికీ ఒకే రేటు చెప్పడం తప్పు.

కాగితం_పిచ్చి:
రేటు విషయంలో మీతో ఏకీభవిస్తా, మిగతాది ఒప్పుకోను. అచ్చయ్యి కూడా జనం చేతికి రాని నోటు ఆ దేశం గురించి చెప్పినంత నలిగిన నోటు చెప్పదు. అసలు ఆ నోట్లు ఎందుకొచ్చాయో చూడండి. 1968 జనవరిలో నైజీరియా పాత నోట్లు రద్దు చేసి కొత్తవి తెచ్చింది. బయాఫ్రాలో ఉన్న పాత నోట్లన్నీ ఒక్కసారిగా చిత్తుకాగితాలయ్యే పరిస్థితి. అందుకే హడావుడిగా ఆ నెలలోనే సొంత నోట్లు వదిలారు. ముందు 5 షిల్లింగులు, 1 పౌండు, తర్వాత 10 పౌండ్ల దాకా. నంబరు లేని నోటుని 'జారీ కానిది' అని రాసి పెట్టుకోండి, పారేయకండి.

ఓరుగల్లు_సిక్కా:
ఇద్దరూ నోటు గురించే మాట్లాడుతున్నారు, దాన్ని దాచుకున్నవాళ్ల గురించి చెప్పండి. యుద్ధం అయ్యాక బ్యాంకులో ఎంత వేసుకున్నా ఒక్కో ఖాతాదారుకి నైజీరియా ప్రభుత్వం ఇచ్చింది 20 పౌండ్లే. మా తాతయ్య హాలీ రూపాయల (నిజాం హైదరాబాదు రాజ్యం సొంత డబ్బు) గురించి చెప్పేవాడు, 7 హాలీకి 6 కల్దారు, అంటే ఇండియా రూపాయలు అని. 1948లో హైదరాబాదు ఇండియాలో కలిశాక కూడా ఏళ్ల తరబడి రెండూ కలిసి చెలామణి అయ్యాయి, మార్చుకోడానికి జనానికి టైము దొరికింది. బయాఫ్రా జనానికి అదే దొరకలేదు. ఆకలితో పిల్లలు పోయిన చోట నుంచి వచ్చిన నోటుని 'సూపర్ కండిషన్, ఆఫర్' అని పెట్టి అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

విశాఖ_నోట్లు:
అన్నా, ఆ 20 పౌండ్ల సంగతి నాకు తెలీదు. అందుకే నలిగిన నోటే ముఖ్యం అనిపిస్తోంది ఇంకా. ఎవరో దాన్ని మడిచి జేబులో పెట్టుకుని బజారుకెళ్లారు కదా.

@కాగితం_పిచ్చి గారూ, మీరన్నట్టు నంబరు లేనిదాన్ని వేరే పేజీలో పెడతా, కింద 'నంబరు లేదు, జారీ కాలేదు' అని పెన్సిల్‌తో కాగితం మీద రాసి, నోటు మీద కాదు. రేపు ఎవరి చేతికి వెళ్లినా దానిమీద నంబరు కొట్టి అసలైనదని అమ్మకుండా ఉండాలి. డీలర్‌కి మాత్రం ఫోన్ చేస్తున్నా, తేడా డబ్బులు వెనక్కి ఇమ్మని.

కాగితం_పిచ్చి:
అడగండి. ఇవ్వకపోతే నోటు తిరిగిచ్చేయండి, నలిగినది మాత్రం వదలొద్దు.