ఎగుసి సూప్ ముద్దలు కట్టడం లేదు, ఎర్ర నూనె కాచాలా వద్దా?

ఇకేజా వంటిల్లు:
అందరికీ నమస్కారం. మేము నైజీరియాలో లాగోస్ వచ్చి ఎనిమిది నెలలైంది. పక్క ఫ్లాట్‌లో ఉండే ఆంటీది ఎనుగు అనే ఊరు, ఇగ్బో తెగ ఆవిడ. మా బాబుకి మలేరియా వచ్చి నేను నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోతే, మా పెద్దదానికి అన్నం పెట్టి, జడ వేసి బడికి పంపింది ఆవిడే. వచ్చే ఆదివారం భోజనానికి పిలిచాను. పులిహోర, పప్పు ఎలాగూ చేస్తాను గానీ, ఆవిడ ఇష్టంగా తినే ఎగుసి సూప్ (పుచ్చ జాతి గింజల పొడితో చేసేది) నా చేత్తో చేసి పెట్టాలని ఉంది. రెండుసార్లు చేసి చూశాను, రెండుసార్లూ జావలా అయింది. వాళ్లింట్లో తిన్నప్పుడు పొడి కూరలా ముద్దలు ముద్దలుగా ఉంది. అలా రావాలంటే ఏం చేయాలి? ఎర్ర నూనె, అంటే ఇక్కడి పామాయిల్, పొగలు వచ్చేదాకా కాచాలని ఒకరు, అసలు కాచకూడదని ఒకరు చెప్తున్నారు. ఇందులో వేసే చేదాకు (బిట్టర్ లీఫ్) చేదు ఎంతవరకు తీయాలి? ఇంకొకటి, మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. ఆవిడ ఉండగా వంటింట్లోకి ఎండుచేప తీసుకురాలేను. అది లేకుండా రుచి వస్తుందా?

పదేళ్ల లాగోస్:
కాచాల్సిందే మేడమ్. గిన్నె మీద మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాల పైనే ఉంచితే ఎరుపు పోయి లేత పసుపు రంగులోకి వస్తుంది. అప్పుడే ఆ పచ్చి వాసన పోతుంది. మా ఇంట్లో వంట చేసే యొరుబా తెగ ఆవిడ దగ్గర పక్కనే నిలబడి నేర్చుకున్నాను. కాచకుండా చేస్తే మన నాలుకకి ఎక్కదు.

పోర్ట్ హార్కోర్ట్ వదిన:
అమ్మా, దయచేసి ఆ పని చేయకు. ఎగుసికి నూనె మాడ్చరు. ఆ ఎరుపు, ఆ వాసనే కదా సూప్. గిన్నెలో నూనె కరిగి, ఉల్లిపాయ వేస్తే చిటపటమంటే చాలు. ఎవరో చెప్పారని నేనూ ఒకసారి మూత పెట్టి కాచాను. ఎంతవరకు వచ్చిందో చూద్దామని వేడి మీదే మూత తీశాను, మంట లేచింది. కుడి మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. చిన్నపిల్లలున్న ఇల్లు నీది, ఆ ప్రయోగం వద్దే వద్దు.

హ్యూస్టన్ హరి:
అసలు సమస్య ఎగుసి పొడి దగ్గర ఉందేమో చూడండి. ఇక్కడ ఆఫ్రికన్ దుకాణంలో ప్యాకెట్ పొడి కొని మూడుసార్లు మోసపోయాను. రుచి చూస్తే ముక్కిపోయిన వాసన, చేదు. పొడి చేసి నిల్వ ఉంచితే అందులో నూనె పాడవుతుంది. గింజలుగా కొని, వండే రోజే మిక్సీలో ఆపి ఆపి తిప్పుకోండి. ఆపకుండా తిప్పితే నువ్వుల ముద్దలా నూనె కక్కేస్తుంది.

పదేళ్ల లాగోస్:
వదిన గారూ, మీ చేయి కాలిందని పద్ధతే తప్పనకండి. స్టవ్ కట్టేసి, పూర్తిగా చల్లారాక మూత తీయాలి. అది తెలియక తీస్తే ఏ నూనెకైనా మంటే వస్తుంది. పదేళ్లుగా తింటున్నాను, నాకు తెలియదా?

నూనెల నిపుణుడు:
నేను నూనెల టెక్నాలజీలోనే పీజీ చేశాను, పన్నెండేళ్లుగా రిఫైనరీల్లో పని. ఎర్ర పామాయిల్‌కి ఆ రంగు కెరోటిన్ల వల్ల వస్తుంది, క్యారెట్‌లో ఉండేవే. బాగా కాచితే అవి విరిగిపోతాయి, రంగు పోతుంది. మన ఊళ్లో కొనే పామోలిన్ కూడా ఈ పండు నూనే, దాన్ని ఫ్యాక్టరీలో రంగు, వాసన తీసేసి అమ్ముతారు. ఎగుసి కోసం అంత ఎర్ర నూనె కొని, ఇంట్లో ఆ పనే చేయడం దేనికి? ఒక్క సంగతి. యొరుబా వాళ్లు ఒఫాడా బియ్యంతో తినే అయమాసే కూరకి మాత్రం నూనె కాచి రంగు తీస్తారు, ఆ కూర రుచే దాని మీద ఉంది. పదేళ్ల లాగోస్ గారు బహుశా అది చూసి ఎగుసికీ అదే అనుకున్నారు.

పదేళ్ల లాగోస్:
బహుశా ఏమీ లేదండి. ఆవిడ రెండింటికీ కాస్తుంది, నా కళ్లతో చూశాను. రిఫైనరీలో గొట్టాలు తిప్పడం వేరు, వంటింట్లో గరిటె తిప్పడం వేరు. డిగ్రీ చూపించి వంట నేర్పకండి.

పోర్ట్ హార్కోర్ట్ వదిన:
ఒక ఇంటి అలవాటు అందరికీ రూల్ అయిపోదు కదా! అడిగిన అమ్మాయి వండేది ఇగ్బో ఆవిడకి. ఎనుగు ఆవిడ ముందు రంగులేని ఎగుసి పెడితే మొహమాటానికి తింటుంది, అంతే. నాకు కోపం ఎందుకొస్తోందంటే, వాళ్ల తిండి బాగుండాలంటే ముందు అందులో వాళ్ల రుచి తీసేయాలని మనవాళ్లు అనుకుంటారు. గోంగూరలో పులుపు తీసేసి వండమంటే ఒప్పుకుంటామా?

కానోలో కడపవాడు:
గోంగూర మాట వచ్చింది కాబట్టి, లాగోస్‌లో ఎక్కడైనా దొరుకుతోందా? ఇక్కడ కానోలో హౌసా వాళ్లు యకువా అని అమ్ముతారు, అచ్చం మన గోంగూరే. మొదటిసారి సంతలో చూసి అక్కడే ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ చేసిన పచ్చడి గుర్తొచ్చింది.

హ్యూస్టన్ హరి:
వాళ్లు ఎర్రగా తాగే జోబో కూడా ఆ మొక్క పూల కింద ఉండే ఎర్ర తొడుగులతోనే అన్నా.

జంగారెడ్డిగూడెం రైతు:
నమస్కారం అండీ. నైజీరియా ఎప్పుడూ చూడలేదు. పదిహేనెకరాల పామాయిల్ తోట ఉంది. ముప్పై ఏళ్లుగా గెలలు కోసి ఫ్యాక్టరీకి తోలుతున్నాం, మా ఇంట్లో మాత్రం పొద్దుతిరుగుడు నూనె కొంటాం. ఈ చెట్టు పుట్టిన దేశంలో పండునే ఉడికించి సూప్ చేసుకుంటారని చదివి, మా ఆవిడా నేనూ మొన్న చేశాం. కిలో పళ్లు ఉడికించి, రోట్లో గింజ చితక్కుండా దంచి, వేడినీళ్లు పోసి పిసికి, వడగట్టాం. చింతపండు రసం తీసినట్టే. ఎండురొయ్యల పొడి వేసి మరిగించాం. వాసన బ్రహ్మాండంగా ఉంది గానీ నూనె పైన మందంగా తేలింది, తినలేకపోయాం. మా తప్పేంటో చెప్పండి. పండించేవాళ్లం దీని రుచి తెలియకుండా చచ్చిపోకూడదని నా పట్టుదల.

నూనెల నిపుణుడు:
తప్పు మీది కాదండి, చెట్టుది. మన తోటలన్నీ టెనెరా రకం, డ్యూరా, పిసిఫెరా అనే రెండు రకాలని కలిపి తీసింది. పెంకు పలచన, గుజ్జు ఎక్కువ, కాబట్టి నూనె ఎక్కువ. ఫ్యాక్టరీకి కావలసింది అదే. నైజీరియాలో ఈ పండు రసంతో చేసే బంగా, ఒఫె అక్వు సూప్‌లకి నాటు పండు వెతుక్కుంటారు, అది లావు పెంకు డ్యూరా. మీరు పళ్లు తగ్గించి, వడగట్టిన రసం బాగా మరిగించి, పైన తేలిన నూనె గరిటెతో తీసేయండి. కోసిన రోజే వండాలి, ఆలస్యమైతే పులుపు రుచి వస్తుంది. డ్యూరా చెట్ల సంగతి పెదవేగి పరిశోధన సంస్థలో అడిగి చూడండి, మీకు దగ్గరే.

పదేళ్ల లాగోస్:
ఇది ఎగుసి చర్చ. బంగాకి వేరే చర్చ తెరవండి.

జంగారెడ్డిగూడెం రైతు:
అడగకూడనిది అడిగితే క్షమించండి. ఎగుసి గింజలు మా వైపు దొరకవు గానీ పుచ్చపప్పుతో చేయొచ్చా?

పోర్ట్ హార్కోర్ట్ వదిన:
మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు అన్నయ్య గారూ. పుచ్చపప్పు చక్కగా పనికొస్తుంది, అది దానికి చుట్టమే. 

ఇప్పుడు ఇకేజా అమ్మాయీ, నువ్వడిగింది ఎవరూ చెప్పలేదు, విను. రెండు కప్పుల ఎగుసి పొడిలో ఒక ఉల్లిపాయ ముద్ద వేసి, నీళ్లు చెంచాడు చెంచాడుగా చల్లుతూ వడియాల పిండి కంటే గట్టిగా కలుపు. అరకప్పు ఎర్ర నూనెలో ఉల్లిపాయ, రెండు అతా రోడో మిరపకాయల ముద్ద వేగాక, ఈ పిండి చిన్న చిన్న ఉండలుగా వదులు. మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు గరిటె పెట్టకు. నువ్వు కలిపేస్తున్నావు కాబట్టే జావ అవుతోంది. ముద్దలు గట్టిపడ్డాక నెమ్మదిగా విడదీసి, ఉడుకు నీళ్లు కొద్దికొద్దిగా పోసి, నూనె అంచుల్లో పైకి తేలేదాకా ఉంచు. మన పులుసుకి చూసే గుర్తే దీనికీ.

కానోలో కడపవాడు:
ఎండుచేప బదులు దవదవ వేయండి అక్కా, యొరుబాలో ఇరు అంటారు, పులియబెట్టిన గింజలు. వాసన ఘాటుగా ఉంటుంది, అత్తగారికి ముందే చెప్పండి. నూనెలో ఒక చెంచా వేయిస్తే చేప లేదన్న లోటు సగం తీరుతుంది. కర్రపెండలంతో చేసే ఎబా ముద్దతో తింటే నాకు రాగి సంగటి తిన్నట్టే ఉంటుంది, నమలకుండా మింగడమే.

ఇకేజా వంటిల్లు:
ఆదివారం అయిపోయింది. ముద్దలు వచ్చాయి వదినా! పది నిమిషాలూ గరిటె ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాను. నూనె కాచలేదు, పదేళ్ల లాగోస్ గారు ఏమీ అనుకోకండి. మైల్ 12 మార్కెట్‌లో కడిగిన చేదాకు కొన్నాను, అయినా ఇంకో మూడుసార్లు పిండి కడిగాను. చేప లేదేమని ఆంటీ అడిగింది, అత్తగారి సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. రెండోసారి వడ్డించుకుని, గిన్నెలో మిగిలింది డబ్బాలో పెట్టించుకుంది. వచ్చే నెల ఒఫె అక్వు నేర్పిస్తానంది, వాళ్లింట్లో.

పదేళ్ల లాగోస్:
సంతోషం. అయమాసే చేసినప్పుడు నూనె కాచండి, మూత మాత్రం చల్లారాకే తీయండి.

జంగారెడ్డిగూడెం రైతు:
అమ్మా, ఒఫె అక్వు నేర్చుకున్నాక ఇక్కడ రాస్తారా? అందులో ఏదో వాసన ఆకు వేస్తారట, అది లేకే మాది బాగోలేదేమో.

పోర్ట్ హార్కోర్ట్ వదిన:
ఆ ఆకు మన రామ తులసే అన్నయ్య గారూ, మీ పెరట్లోనే ఉండి ఉంటుంది. సన్నగా తరిగి, స్టవ్ కట్టేసే ముందు వేయండి. ముందే వేస్తే నల్లబడుతుంది.