అప్‌డేట్: అల్యూమినియం ప్లేటులో లేని పగులు చూపించింది ఉష్ణోగ్రతే

నా ప్రశ్న ఇది: 2 మి.మీ. అల్యూమినియం ప్లేటుకు పీజెడ్‌టీ బిళ్ళలు (కరెంటిస్తే కంపించే, కంపనం తగిలితే కరెంటిచ్చే పింగాణీ ముక్కలు) అంటించి, పగుళ్ళు వెతకడానికి 200 కిలోహెర్ట్జ్ ల్యాంబ్ తరంగాలు (పల్చటి ప్లేటు వెంట సాగే ధ్వని తరంగాలు) పంపుతున్నాను. కొత్త సిగ్నల్‌లోంచి బేస్‌లైన్‌ను (ప్లేటు బాగున్నప్పుడు తీసిపెట్టుకున్న సిగ్నల్‌ను) తీసేసినా, పగులు లేనిచోట కూడా శేషం ఎందుకు మిగులుతోంది?

కారణం వేడి. రెండు రీడింగుల మధ్య 6 డిగ్రీల తేడా ఉంది. అల్యూమినియం వేడెక్కితే దాని దృఢత్వం తగ్గి తరంగం కాస్త నెమ్మదిస్తుంది. అర మీటరుకు ఆలస్యం 0.1 మైక్రోసెకను పైచిలుకే. కానీ ఒక్కో డోలనానికి 5 మైక్రోసెకన్లే పట్టే తరంగంలో తీసివేతను చెడగొట్టడానికి అది చాలు. అంచులకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లో దారి పెరిగేకొద్దీ తప్పూ పెరుగుతుంది.

ఇప్పుడు 2 డిగ్రీలకొకటి చొప్పున బేస్‌లైన్లు తీసిపెట్టి, దగ్గరిదాన్ని ఎంచి, కాలాక్షాన్ని రవ్వంత సాగదీసి సరిపోల్చాకే తీసివేస్తున్నాను. శేషం అణిగిపోయింది, 75 మైక్రోసెకన్ల దగ్గర ఒక్క తరంగ గుత్తి మాత్రం నిలబడింది (గుత్తి నడిమి నుంచి నడిమికి కొలవాలి, మొదలు నుంచి కాదు). ఎస్0 (ప్లేటు సాగుతూ ముడుచుకుంటూ పోయే ల్యాంబ్ తరంగ రకం) వేగం సెకనుకు 5,400 మీటర్లు కాబట్టి, రానుపోను దూరంలో సగం 20 సెం.మీ. పరీక్షకు పెట్టిన రంపపు గాటు సరిగ్గా అక్కడే ఉంది!

బిళ్ళలను డబుల్ టేపుతో అంటించొద్దు, పల్చటి ఎపాక్సీ పొర వాడండి. పగులు తరంగ దిశకు సమాంతరంగా ఉంటే ప్రతిధ్వని దాదాపు రాదు, అందుకే రెండో బిళ్ళను అడ్డదిశలో పెట్టాలి.