చర్చ: ఎవరేం తెచ్చినా షెల్టర్ తీసుకోవాల్సిందేనా? చోటు లేకపోతే సూదేనా?

కృష్ణలంక
ప్రశ్న సూటిగా పెడతాను. "ఏ పెంపుడు జంతువునైనా తీసుకుంటాం" అని బోర్డు పెట్టిన షెల్టర్ నిండకుండా ఉండదు. నిండాక మూడే దారులు: గేటు మూయడం, బోనుకి మూడేసి కుక్కల్ని కుక్కడం, సూది వేసి చంపడం. నాలుగో దారి ఉందంటారా? ఉంటే లెక్కలతో చెప్పండి. దయ, కరుణ అందరికీ ఉన్నాయి, వాటిమీద చర్చ వద్దు.

లెక్కలమాస్టారు
ఉందండీ. రోజుకు వచ్చేవి ఎన్నో, ఒక్కోటి సగటున ఉండే రోజులు ఎన్నో, ఈ రెండూ గుణిస్తే కావాల్సిన బోన్లు. రోజుకు 4 వచ్చి 30 రోజులుంటే 120 బోన్లు. అవే 4 వచ్చి 15 రోజుల్లో బయటపడితే 60 చాలు. గేటు మూయలేదు, సూది పట్టలేదు, సగం చోటు మిగిలింది.

ఆ 15 రోజులు ఎక్కడ పోతున్నాయో చూడండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు. ఫొటో తీసి పెట్టేవాడు లేక నాలుగు రోజులు. దత్తత ఫారం చూసి ఫోన్ చేసేవాళ్లు లేక ఇంకో వారం. రోజూ పొద్దున ఒక మనిషి బోను బోనుకీ తిరిగి, "ఇది ఇవాళ ఇక్కడెందుకుంది, ఏం జరిగితే కదులుతుంది?" అని చీటీ రాసి తలుపుకి తగిలిస్తే చాలావరకు ఇట్టే బయటపడతాయి.

రెండో లెక్క మనుషులది. ఒక్కో జంతువుకి రోజుకి శుభ్రం చేయడానికి 9 నిమిషాలు, తిండికి 6 నిమిషాలు అని అమెరికా షెల్టర్లలో పాత కనీస లెక్క ఒకటుంది. 100 జంతువులకు 25 గంటలు. ఒక మనిషి నికరంగా ఆరు గంటలు పనిచేస్తాడనుకుంటే నలుగురు కూడా చాలరు. ఇద్దరే ఉంటే మీ షెల్టర్ పట్టేది 48. బోన్లు రెండొందలున్నా సరే.

పశువైద్యం
లెక్క ఒప్పుకుంటాను, అసలు జబ్బు మాత్రం వేరే. మన దగ్గర షెల్టర్లలో సూదితో చచ్చేవి తక్కువ, పార్వో, డిస్టెంపర్ అనే అంటు వైరస్ జబ్బులతో చచ్చేవి ఎక్కువ. "మేం ఒక్కదానికీ సూది వేయలేదు" అని చెప్పుకునేచోట చావుల రిజిస్టరు అడిగి చూడండి.

అందర్నీ తీసుకోవాలంటే గేటు దగ్గరి బల్లే ప్రాణం. కుక్క బండి దిగగానే, లోపలికి నడిపించకముందే: మైక్రోచిప్ స్కాన్, బరువు, జ్వరం, చిగుళ్ల రంగు, చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు, ఫొటో, కంబైన్డ్ టీకా (పార్వో, డిస్టెంపర్ లాంటివాటికి కలిపి వేసేది). టీకా "రేపు వేద్దాం" అన్నారంటే ఆ రాత్రే పక్క బోను నుంచి వైరస్ అంటుకుంటుంది. కుక్కపిల్లలకి 4 వారాల వయసు నుంచే మొదలుపెట్టి, షెల్టర్‌లో ఉన్నన్నాళ్లూ రెండేసి వారాలకోసారి, 20 వారాల వయసొచ్చేదాకా.

తర్వాత ఫినాయిల్ మోజు మానాలి. పార్వో ఫినాయిల్‌కి చావదు, పైగా పిల్లులకి అది విషం. ముందు మలం, జిడ్డు సబ్బుతో కడిగేసి, తర్వాత 10 లీటర్ల నీళ్లకి 60 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, 10 నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. మలంమీద పోస్తే క్లోరిన్ అక్కడే ఖర్చయిపోతుంది. మూత తీసి నెల్లాళ్లు పెట్టిన సంచిలో పొడికి వాసనే మిగులుతుంది, పస ఉండదు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి.

ఇక "అనవసరంగా చంపడం" అంటే నా లెక్కలో ఇదీ: మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే గడ్డతో కుక్కని తెచ్చి "క్యాన్సరట, నిద్రపుచ్చండి" అంటారు. అది చాలాసార్లు టీవీటీ, కలయికలో అంటుకునే గడ్డ. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వారానికొకటి, నాలుగు నుంచి ఆరు ఇంజెక్షన్లకు సాధారణంగా కరిగిపోతుంది. సూది మాత్రం నరంలోనే ఉండాలి. మందు బయటికి కారితే అక్కడి చర్మం కుళ్లిపోతుంది. అలాగే చిగుళ్లు సున్నంలా తెల్లబడి లేవలేని కుక్క. పిడుదుల జ్వరమని, అందులో ఎర్లిషియా రకమని రక్తపరీక్షలో తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. మూడో రోజు లేచి తింటోందని మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

డాలస్‌తెలుగు
ఇక్కడి, అంటే అమెరికా, అనుభవసారం ఒకటి. 2004లో ఇక్కడి జంతు సంస్థలు చేసుకున్న అసిలోమార్ ఒప్పందంలో జంతువుల్ని ఆరోగ్యంగా ఉన్నవి, నయమయ్యేవి, మందులతో నెట్టుకురాగలిగేవి, నయంకానివి అని విడగొట్టారు. తర్వాత "నూటికి 90 బతికి బయటికెళ్తే నో-కిల్ (చంపని షెల్టర్)" అన్న గుర్తు స్థిరపడింది. అంకె మంచిదే, దాన్ని మోసం చేయడమూ తేలికే. ముసలివాటిని, కరిచేవాటిని గేటు దగ్గరే తిప్పి పంపితే శాతం దానంతటదే పెరుగుతుంది. ఏటా ఎన్నిటిని వెనక్కి పంపారో చెప్పని షెల్టర్ శాతాన్ని నేను నమ్మను.

అందుకే ఇక్కడ చాలాచోట్ల అపాయింట్‌మెంట్ పద్ధతి. దెబ్బతగిలినది, తల్లిలేని పాలపిల్లలు, యజమాని చనిపోయినది, మనిషిని కరిచినది: ఆ రోజే. "ఇల్లు మారుతున్నాం" అన్నవాళ్లకి వారం, పదిరోజుల తర్వాత తేదీ.

కృష్ణలంక
ఆ పదిరోజుల్లో ఆ కుక్క బైపాస్ పక్కన ఉంటుంది. తేదీ ఇచ్చి పంపడమంటే మర్యాదగా గేటు మూయడమే కదా?

డాలస్‌తెలుగు
తేదీ చీటీ ఒక్కటే ఇచ్చి పంపితే మీరన్నదే నిజం. చీటీతో పాటు టీకా, పిడుదుల మందు, అవసరమైతే తిండి సంచి ఇవ్వాలి. ఎందుకు వదిలేస్తున్నారో అడగాలి. "మందులకు డబ్బుల్లేవు" అన్నవాళ్లకి మందే ఇస్తే కుక్క ఇంట్లోనే ఉంటుంది, బోను ఖర్చుకన్నా అదే చవక. ఇంకా బాధ్యత వద్దంటే, మొండికేస్తే, ఆ రోజే తీసుకోండి. ఆ మినహాయింపు లేని అపాయింట్‌మెంట్ పద్ధతి దండగ.

లెక్కలమాస్టారు
మన ఊళ్లలో తరచూ వినే కారణం "అపార్ట్‌మెంట్‌వాళ్లు ఒప్పుకోవట్లేదు". పెంపుడు కుక్కల్ని సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. గేటు దగ్గర దాని ప్రింట్లు ఓ కట్ట పెట్టుకోండి. అందరికీ పనిచేయదు, కొందరికి పనిచేస్తుంది.

కృష్ణలంక
సరే. మరి మీ గుణకారం తిరిగి బయటికెళ్లేవాటికే చెల్లుతుంది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన వీధికుక్కల్ని మళ్లీ అక్కడ వదలొద్దంది. వాటికి ఉండే రోజులు 15 కాదు, పదేళ్లు. పెంపుడువాటికి ఉంచిన బోన్లు వీటితో నిండితే?

లెక్కలమాస్టారు
ఒక్క బోనులో పదేళ్లంటే అందులో దాదాపు 240 పెంపుడు జంతువులు తిరగాల్సిన చోటు పోయినట్టే. రెండిటికీ ఒకే షెడ్డు, ఒకే బడ్జెట్ పెడితే నా దగ్గరా జవాబు లేదు. విడిగా, గుంపులుగా తిరిగే ఆవరణలు కట్టాలి, వాటి ఖర్చు మున్సిపాలిటీ భరించాలి. చందాలతో నడిచే షెల్టర్ మీద తోస్తే మీరు మొదట చెప్పిన రెండో దారే, కుక్కడమే.

పశువైద్యం
ఆ ఒత్తిడిలో సూదివైపు చూపు పోకుండా గీత ఇప్పుడే గీసుకోవాలి. వీధికుక్కలకి 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు స్పష్టం: నయంకాని జబ్బు, ప్రాణాంతక గాయం ఉండి, స్థానిక కమిటీ నియమించిన బృందం నిర్ధారించినవాటికే. చోటు చాలకపోవడం ఆ జాబితాలో లేదు. పెంపుడువాటికీ అదే గీత పెట్టుకోండి.

కష్టమైనవి మధ్యలోవి. నడుం విరిగి వెనక కాళ్లకి నొప్పి కూడా తెలియని కుక్క ఉందనుకోండి. చక్రాల బండి కట్టొచ్చు, కానీ రోజుకి మూడుసార్లు చేత్తో పొట్ట నొక్కి మూత్రం తీయాలి. తీసే మనిషి ఎవరో రాతపూర్వకంగా ఉంటే ఉంచండి. లేకపోతే పుండ్లు పడి, మూత్రంలో చీము పట్టి నెలలో నరకం చూసి పోతుంది. దాన్ని బతికించడమని నేననను.

సూది వేయక తప్పనప్పుడు ముందు మత్తు, తర్వాత నరంలో బార్బిట్యురేట్ (ఎక్కువ మోతాదులో ప్రాణం తీసే మత్తుమందు), గుండె ఆగిందని స్టెతస్కోప్‌తో ఐదు నిమిషాలు విన్నాకే కదపడం. స్పృహలో ఉన్నదానికి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది ఊపిరాడకుండా చంపడం, ఖరీదు తక్కువని చేస్తున్న పని.

కృష్ణలంక
పిల్లుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

డాలస్‌తెలుగు
కళ్లు తెరవని పిల్లిపిల్లలు అట్టపెట్టెలో వస్తే ముందు "తల్లి ఏది?" అని అడగండి. వెచ్చగా, పొట్ట నిండుగా ఉన్నాయంటే తల్లి దగ్గర్లోనే ఉంది, తీసిన చోటే పెట్టించి దూరంనుంచి చూడమనండి. షెల్టర్‌కి చేరితే రెండు మూడు గంటలకోసారి పాలు పట్టే మనిషి కావాలి, అదీ రాత్రిళ్లు కూడా.