కూల్చిన కోట ద్వారాన్ని మళ్లీ కడితే అది పాతదవుతుందా?

పాతగోడ:
బీజింగ్ దక్షిణాన యోంగ్‌డింగ్‌మెన్ అని ఒక కోట ద్వారం ఉంది. 1553లో కట్టారు, 1957లో కూల్చేశారు, 2004లో అదే చోట మళ్లీ కట్టారు. 2024లో మన ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో బీజింగ్ మధ్యరేఖకు, అంటే నగరం నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా ఉన్న కట్టడాలకు, ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చారు. 7.8 కిలోమీటర్ల ఆ రేఖకు దక్షిణపు కొస ఈ ద్వారమే. ఇరవై ఏళ్ల కట్టడాన్ని వారసత్వం అంటే నేను ఒప్పుకోలేను.

గడప:
హోదా వచ్చింది ఒక్క ద్వారానికి కాదండీ, మొత్తం వరసకి. ఉత్తరాన గంట గోపురం, నడుమ రాజప్రాసాదం, దక్షిణాన ఇది. కొస లేకపోతే వరస ఎక్కడిదాకా ఉందో కంటికి ఆనదు.

రెండోలైన్:
నేను అక్కడ రెండేళ్లు ఉద్యోగం చేశాను. రోజూ మెట్రో రెండో లైన్‌లోనే వెళ్లేదాన్ని. అది చాలామటుకు పాత కోట గోడ ఉన్న దారినే తిరుగుతుంది. స్టేషన్ల పేర్లు చావోయాంగ్‌మెన్, ఫూచెంగ్‌మెన్, సీజిమెన్. 'మెన్' అంటే ద్వారం. మెట్లెక్కి పైకొస్తే ద్వారం ఉండదు, ఫ్లైఓవర్లూ అద్దాల మేడలూ ఉంటాయి. 1969లో సీజిమెన్‌ను కూలుస్తుంటే దాని లోపల యువాన్ కాలపు (మంగోలు రాజులు ఏలిన నాటి) ద్వారం ఇంకొకటి బయటపడింది. దాన్నీ ఉంచలేదు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

నగరజీవి:
బాధ అర్థమవుతుంది. కానీ రాజధాని పెరుగుతోంది, ట్రాఫిక్‌కి దారి కావాలి కదా?

గడప:
దారి వేరే ఉందండీ. కొత్త ఆఫీసులన్నీ పాత నగరానికి పడమటి వైపు కట్టుకుందామని 1950లోనే వాస్తుశిల్పి లియాంగ్ సిచెంగ్, నగర ప్రణాళికా నిపుణుడు చెన్ ఝాన్‌షియాంగ్ ప్రతిపాదించారు. గోడ మీద జనం తిరిగే పార్కు చేద్దామన్నాడు లియాంగ్. ప్రభుత్వం వినలేదు. చైనాలోనే ఇంకో పాత నగరం షియాన్‌లో 13.7 కిలోమీటర్ల గోడ ఇవాళ్టికీ ఉంది, దాని కమానుల కింద నుంచే బండ్లు పోతున్నాయి.

రెండోలైన్:
పాతగోడ గారూ, బీజింగ్ కోట ఆగ్నేయ బురుజు దగ్గర ఒకటిన్నర కిలోమీటర్ల మేర అసలు గోడ మిగిలింది, చూడండి. కూల్చినప్పుడు జనం ఆ ఇటుకలు తీసుకెళ్లి ఇళ్లకీ ప్రహరీలకీ వాడుకున్నారు. 1990ల్లో అడిగితే తెచ్చి ఇచ్చారు. వాటితోనే బాగుచేశారు. దగ్గరికెళ్తే ఒక్కో ఇటుకది ఒక్కో రంగు, కొన్నిటి అంచులు అరిగిపోయాయి. పక్కనే పట్టాల మీద రైళ్లు బీజింగ్ స్టేషన్‌కి వెళ్తుంటాయి. మళ్లీ కట్టడమంటే ఇలా ఉంటే నాకు అభ్యంతరం లేదు.

పాతగోడ:
ఇటుకల సంగతి నాకు తెలియదండీ. ఆ గోడకైతే సరే. యోంగ్‌డింగ్‌మెన్‌కి మాత్రం రెండు పక్కలా గోడే లేదు. 1957లో కూల్చామని, 2004లో కట్టామని ద్వారం ముందే పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. అప్పుడు ఒప్పుకుంటాను.