అప్‌డేట్: ఉపవాసం ఆపలేకపోతున్న మా చెల్లి గురించి

కార్తీక సోమవారాలు అయిపోయినా మా చెల్లి తిండి మానేస్తోంది, పైగా రోజంతా వంట వీడియోలు చూస్తూ మాకు రకరకాలుగా వండి పెడుతోంది, ఇదేంటని అడిగాను కదా. మీరు చెప్పినట్టే గుంటూరులో ఒక సైకియాట్రిస్ట్‌కి చూపించాం.

వంట వీడియోల సంగతి విని ఆవిడ ఆశ్చర్యపోలేదు. 1944-45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి, వాళ్ల ఇష్టంతోనే, 24 వారాలు అరకొర తిండి పెట్టాడట. వాళ్లూ వంట పుస్తకాలు పోగేసుకుని, ప్లేట్లో ఉన్న కాస్తనీ గంటల తరబడి సాగదీస్తూ, అయినదానికీ కానిదానికీ చిరాకుపడుతూ మనుషులకి దూరమైపోయారట. మా చెల్లి అచ్చం అంతే, అర ఇడ్లీని గోరంత ముక్కలు చేసి ఒక్కోదాన్నీ చట్నీలో అద్దుతూ కూర్చునేది. పొగరనుకున్నాం ఇంట్లో, కాదు, ఆకలే మనసుని అలా చేస్తుందట.

"పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు చేయలేదా" అని వాదించింది ఒకరోజు. ఆయన 1952లో రాష్ట్రం కోసం చేశారమ్మా, ప్రాణమే పోయింది, నువ్వు దేనికోసం అని నాన్న అడిగితే ఏడ్చేసింది. పరీక్షల టెన్షన్‌లో అన్నీ చేజారిపోతుంటే ఇదొక్కటే తన చేతిలో ఉన్నట్టు అనిపించిందట.

ఇప్పుడు కౌన్సెలింగ్ నడుస్తోంది. తిండి ఒక్కసారిగా పెంచొద్దన్నారు, రక్తపరీక్షలు చూస్తూ మెల్లగా పెంచుతున్నారు. అమ్మ పక్కనే కూర్చుని తింటోంది, బరువు మాట ఎవరం ఎత్తట్లేదు. శివరాత్రికి మాత్రం పూజే, ఉపవాసం వద్దని గట్టిగా చెప్పేశాం.