1987ఏ సూపర్‌నోవా: పేలింది ఒంటి నక్షత్రమా, రెండు కలిసిందా?

మైపాడు చుక్కలోడు
మొన్న రాత్రి బీచ్‌లో మా మేనల్లుడికి ఆరుద్ర నక్షత్రం చూపించి, ఎప్పటికైనా పేలేది ఇదేరా అన్నా. "మూడు చుక్కలకి అవతల నీలంగా ఉండేది పేలదా మామా?" అన్నాడు. అది రైజెల్, నీలి సూపర్‌జెయింట్, అంటే మహా పెద్ద నక్షత్రం. ఎర్రగా ఉబ్బినవే పేలతాయని పాత లెక్క. తీరా 1987 ఫిబ్రవరిలో పెద్ద మెజెల్లాన్ మేఘంలో (మన పక్కనున్న చిన్న గెలాక్సీ) పేలింది నీలిదే. ఆ పేలుడే 1987ఏ సూపర్‌నోవా. రెండు నక్షత్రాలు కలిసిపోయాయి అనుకోకుండా దాన్ని మోడల్ చేయలేమని నా వాదన.

ఒంగోలు మాస్టారు
తొందరపడొద్దు అబ్బయా. ఆ మేఘంలో లోహాలు, అంటే హీలియం కంటే బరువైన మూలకాలు, మన దగ్గరకంటే తక్కువ. దానికితోడు లోపలి పొరలు కలిసే లెక్క కాస్త మార్చితే ఒంటి నక్షత్రం కూడా నీలంగానే మిగులుతుంది. అయినా రోజురోజుకీ వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్‌కి జంటా ఒంటరా అనవసరం. దానికి కావాల్సింది సైజు, బరువు, పేలుడులో పుట్టే రేడియోధార్మిక నికెల్. ఎర్రవి సైజులో సూర్యుడికి కొన్ని వందల రెట్లుంటే ఇది 50 రెట్లకి మించదు. చిన్నది అంత పెద్దగా ఉబ్బాలంటే వేడంతా ఆ ఉబ్బడానికే ఖర్చు. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కి వేలు పెట్టు, గాలి చల్లగా తగలదూ? అందుకే మొదట్లో డల్‌గా ఉంది. తర్వాత నికెల్, అది మారిన కోబాల్ట్ కాచిన వేడితో మూడు నెలలకి పీక్‌కి వచ్చింది. సూర్యుడి బరువులో 0.07 వంతు నికెల్ చాలింది.

కావలి
అప్పుడు మన ఊళ్ల నుంచి కనిపించేదా?

మైపాడు చుక్కలోడు
ఫిబ్రవరి చివర్లో రాత్రి ఏడున్నరకి దక్షిణాన 6 డిగ్రీల ఎత్తు, అంతే. సముద్రపు మసకలో ఏం కనపడుద్ది? బాగా వెలిగిన మే నెలలో పట్టపగలు ఎక్కి, పొద్దుగూకకముందే దిగిపోయేది. మన ఖర్మ.
మాస్టారూ, మరి పేలిన చోటు చుట్టూ కనిపించే ఆ మూడు ఉంగరాల సంగతి? పేలడానికి సుమారు 20 వేల ఏళ్ల ముందు విసిరిన పదార్థం అది. ఒంటి నక్షత్రం అంత తీరుగా విసురుతుందా?

కనిగిరి కోడర్
ఇద్దరూ అన్ని వైపులా ఒకేలా పేలే గుండ్రటి మోడల్ పట్టుకునే కొట్టుకుంటున్నారు. అందులో నికెల్ అడుగునే ఉండిపోద్ది. కానీ నికెల్ మారిన కోబాల్ట్ వల్ల పుట్టే ఎక్స్-రేలు 1987 ఆగస్టుకే కనిపించాయి, అనుకున్నదానికి నెలల ముందే. అంటే నికెల్ పైకి పొడుచుకొచ్చింది. 1డీ కోడ్‌లో, అంటే కేంద్రం నుంచి దూరం ఒక్కటే లెక్కలోకి తీసుకునే ప్రోగ్రామ్‌లో, మనమే దాన్ని చేత్తో కలిపేస్తాం. అన్ని దిక్కులూ లెక్కించే 3డీలో అదే వేళ్లలాగా లేస్తుంది. ఎంత దూరం లేస్తుందనేది హీలియం కోర్ (నక్షత్రం లోపలి హీలియం గుజ్జు) అంచుని బట్టి. జంట కలిసిన నక్షత్రాలను అలా పేల్చి చూస్తే బాగానే కుదిరింది.

ఒంగోలు మాస్టారు
వాటిల్లోనూ పేలుడు ఎనర్జీ ఇంత రావాలని ముందే సర్దుతారు కదమ్మా? ఉంగరాల మాట ఒప్పుకుంటా, వాటికి నా దగ్గర జవాబు లేదు. గ్రాఫ్ చూసి జంటని తేల్చేశామంటే మాత్రం ఒప్పుకోను.

కనిగిరి కోడర్
సరే సార్. స్నెక్ అనే ఓపెన్ కోడ్ నా ల్యాప్‌టాప్‌లో ఆడుతుంది, 1డీనే అనుకోండి. సైజు, బరువు ఒకటే పెట్టి కోర్ అంచు మాత్రం మారుస్తా. కరెంటు పోకపోతే రేపు రెండు గ్రాఫులూ పెడతా.